బ్రిటన్‌లో నియమాలు మారినప్పుడు ఐఎల్ఆర్ హక్కు నిలబెట్టుకోవడం: 2006 నాటి మా అనుభవం

"మూడేళ్ళుగా బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను, ఐఎల్ఆర్‌కు (ఇండెఫినిట్ లీవ్ టు రిమెయిన్, అంటే కాలపరిమితి లేని స్థిర నివాస అనుమతికి) ఇప్పుడున్న ఐదేళ్ళ గడువును పదేళ్ళు చేస్తామంటున్నారు, ఇప్పటికే ఇక్కడ ఉన్న మాలాంటివారు పాత నియమాల ప్రకారం హక్కు పొందే మార్గం ఉందా?" అని మీరు అడిగారు. ఇంచుమించు ఇరవై ఏళ్ళ క్రితం మా వంటగది బల్ల దగ్గర కూర్చుని నేనూ నా భార్యా ఇదే ప్రశ్న వేసుకున్నాం. అందుకే దీనికి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను 2005 ఫిబ్రవరిలో హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్ (హెచ్‌ఎస్‌ఎంపీ, అంటే అధిక నైపుణ్యం గల వలసదారుల పథకం) కింద ఇక్కడికి వచ్చాను. 2002 జనవరిలో మొదలైన ఆ పథకంలో చేతిలో ఉద్యోగం ఉండనవసరం లేదు. చదువుకు, అనుభవానికి, సంపాదనకు ఇచ్చే పాయింట్లు సరిపోతే చాలు. అయితే ఆ దరఖాస్తులో ఒక షరతు ఉండేది. ఇకమీదట బ్రిటన్‌నే నా ప్రధాన నివాసంగా చేసుకుంటానని దరఖాస్తుదారు లిఖితపూర్వకంగా మాట ఇవ్వాలి. నేను ఇచ్చాను. ఇచ్చిన మాట ప్రకారమే నా భార్య పదకొండేళ్ళ ఉద్యోగానికి రాజీనామా చేసి పిల్లవాడితో సహా నా వెంట వచ్చేసింది. మొదట ఒక ఏడాదికి, ఆ తరువాత మూడేళ్ళకు అనుమతి, మొత్తం నాలుగేళ్ళు నిండగానే స్థిర నివాసం: మేము వచ్చేనాటికి ఉన్న ఏర్పాటు ఇది.

2006లో ఆ ఏర్పాటు రెండు దెబ్బలకు కూలిపోయింది. ఏప్రిల్ 3 నుంచి స్థిర నివాసానికి నాలుగేళ్ళు చాలవని, ఐదేళ్ళు కావాలని అన్నారు, అప్పటికే ఇక్కడ ఉన్నవారికి కూడా దానినే వర్తింపజేశారు. నా అనుమతి 2009 ఫిబ్రవరితో ముగుస్తుంది కనుక మధ్యలో ఒక ఏడాది ఖాళీ ఏర్పడింది, దానికోసం మరొక పొడిగింపు తీసుకోవలసి వచ్చింది. సరే, అదీ తీసుకుందామనుకున్నాం. నవంబర్ 7న రెండో ప్రకటన వచ్చింది. పొడిగింపు కావాలన్నా ఇకపై కొత్త లెక్క ప్రకారం 75 పాయింట్లు రావాలి, ఆ లెక్కలో పూర్వానుభవానికి పాయింట్లు లేవు, వయసు ముప్పై దాటేకొద్దీ వచ్చేవి తగ్గుతూ చివరికి సున్నాకు చేరతాయి. మొదటి మార్పు మా ముందు ఒక గొయ్యి తవ్వితే, రెండో మార్పు దానిని దాటడానికి ఉన్న పలకను కూడా తీసివేసింది.

ఆ సాయంత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. పిల్లవాడిని పడుకోబెట్టి, కొత్త పట్టికను బల్ల మీద పరిచి, పెన్సిలుతో మూడుసార్లు కూడాను. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, కనుక వయసుకు సున్నా. మాస్టర్స్ డిగ్రీకి కొన్ని వచ్చాయి. వచ్చిన మొదటి ఏడాదిలో చాలా నెలలు తక్కువ జీతపు కాంట్రాక్టు పనులే దొరికాయి, ఆ తరువాతా జీతం పెద్దగా పెరగలేదు కనుక సంపాదన వరుసలో దక్కినవి స్వల్పం. మూడుసార్లూ అదే మొత్తం తేలింది, అది 75కు చాలా దూరంలో ఉంది. ఎదురుగా కూర్చున్న నా భార్య "ఎన్ని వచ్చాయి?" అని అడిగింది. చాలవన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "మనం వచ్చేటప్పుడు వాళ్ళు ఇలా చెప్పలేదు కదండీ. అప్పుడు ఏం చెప్పారో మీ దగ్గర ఉండాలి, ఒకసారి వెతకండి" అంది.

అటక మీది సూట్‌కేసులో, పిల్లవాడి టీకాల పుస్తకం కింద, ఆ కాగితాలు దొరికాయి. దరఖాస్తు చేసే ముందు నేను ప్రింటు తీసుకున్న మార్గదర్శకాల ప్రతి అది. అందులో ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక భాగం ఉంది. పథకాన్ని సవరిస్తే ఇప్పటికే దాని కింద ఉన్నవారి సంగతేమిటన్న ప్రశ్నకు, ఆ సవరణలతో నిమిత్తం లేకుండా వారు ఇక్కడే ఉండి, నాలుగేళ్ళ తరువాత స్థిర నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చన్న అర్థంలో జవాబు ఉంది. రెండేళ్ళ క్రితం నేనే దాని కింద నీలి సిరాతో గీత గీసుకున్నాను, ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. నా భార్య ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివి, కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాస్‌పోర్టుల పక్కన దాచింది.

మరుసటి వారం ఆ కాగితం పట్టుకుని ఒక సొలిసిటర్ (న్యాయవాది) దగ్గరకు వెళ్ళాం. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు. మార్గదర్శకాలు చట్టం కావని, వేరే వీసా చూసుకోవడమో తిరిగి వెళ్ళిపోవడమో మంచిదని చెప్పి, అరగంటకు రుసుము తీసుకున్నారు. వలస న్యాయంలో గొప్పగా పనిచేసేవారు ఉన్నారని నాకు తెలుసు, కాని భయపడి వచ్చిన మనిషి చేతిలోని కాగితాన్ని చదవకుండా సలహా ఇవ్వడాన్ని నేను ఈనాటికీ క్షమించలేను.

మమ్మల్ని ఆదుకున్నది మావంటి వారే ఏర్పరచుకున్న హెచ్‌ఎస్‌ఎంపీ ఫోరమ్. అందులో భారతీయులు, పాకిస్తానీయులు, నైజీరియన్లు, ఇంకా ఎన్నో దేశాలవారు ఉన్నారు. మేమూ శక్తికొద్దీ చందా పంపాం, మా స్థానిక ఎంపీకి ఉత్తరాలు రాశాం, ఆ నీలి గీత ఉన్న పేజీ నకలును ప్రతి ఉత్తరానికీ జతచేశాం. పార్లమెంటు ఉభయసభల మానవ హక్కుల సంయుక్త సంఘం 2007 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ మార్పులు అన్యాయమని, కుటుంబ జీవితానికి రక్షణ ఇచ్చే యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక 8వ అధికరణానికి విరుద్ధమని స్పష్టంగా చెప్పింది. 2008 ఏప్రిల్ 8న హైకోర్టులో సర్ జార్జ్ న్యూమన్ ఫోరమ్ పక్షాన తీర్పు ఇచ్చారు. పాత షరతుల మీద వచ్చినవారికి ఆ షరతుల ప్రకారమే పొడిగింపు ఇవ్వాలన్నది దాని సారాంశం. నాలుగేళ్ళా ఐదేళ్ళా అన్న వివాదం మీద ఫోరమ్ మళ్ళీ కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2009 ఏప్రిల్‌లో జస్టిస్ కాక్స్ ఆ విషయంలోనూ ఫోరమ్ వాదనే సరైనదన్నారు. నేను పాత షరతుల మీదే పొడిగింపు పొంది, ఆ వేసవిలో ఐఎల్ఆర్‌కు దరఖాస్తు చేశాను. మొదటి తీర్పులో ఆ మార్గదర్శకాల వాక్యాలను ఉదహరించిన చోటికి వచ్చేసరికి నా భార్య చదవడం ఆపి, లేచి వెళ్ళి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది.

అయితే ఆ తీర్పును చూపించి "ఇప్పుడూ కోర్టులే కాపాడతాయి" అని ధైర్యం చెప్పేవారిని నమ్మకండి. ప్రభుత్వం నియమాలు మార్చకూడదని అది చెప్పలేదు. ఒక నిర్దిష్టమైన పథకంలో, నిర్దిష్టమైన మాట రాసి ఇచ్చి, దానిని నమ్మి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారి విషయంలో ఆ మాట తప్పకూడదని చెప్పింది. కనుక మీరు మొదట వెతకవలసినది మీకు రాసి ఇచ్చిన మాట ఎక్కడైనా ఉందా, అది ఎంత స్పష్టంగా ఉంది అన్నది. మీరు వీసా తీసుకున్న నాటి ఇమిగ్రేషన్ నియమాల పాత ప్రతులు ప్రభుత్వ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. ఆ తేదీకి సంబంధించిన ప్రతిని, నాటి మార్గదర్శకాలను దించుకుని ప్రింటు తీసి పెట్టుకోండి.

త్వరగా దరఖాస్తు పెట్టేస్తే పాత నియమమే వర్తిస్తుందన్న నమ్మకం కూడా మనవారిలో బలంగా ఉంది, అది పొరపాటు. దరఖాస్తు పెట్టిన రోజున ఉన్న నియమం కాదు, నిర్ణయం తీసుకునే రోజున ఉన్న నియమమే సాధారణంగా వర్తిస్తుందని 2009లో, అప్పటికి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. దీనికి మినహాయింపు ఆ మార్పుల పత్రంలోనే ఉంటుంది. 1971 ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రతి మార్పునూ ఒక పత్రంగా పార్లమెంటు ముందు పెట్టాలి. ఆ పత్రం మొదట్లో అమలుకు సంబంధించిన భాగం ఉంటుంది, ఫలానా తేదీకి ముందు వచ్చిన దరఖాస్తులను పాత నియమాల ప్రకారమే నిర్ణయిస్తామన్న వాక్యం ఉంటే అక్కడే ఉంటుంది. వార్తల్లో ఆ భాగం రాదు, వాట్సాప్ గుంపుల్లో అసలే రాదు. ఎవరో గొంతు మార్చి పంపిన ఆడియో విని రాత్రంతా నిద్ర మానుకునేవారు ఆ ఒక్క పేజీ చదవరు, ఇది నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

కాగితాల గురించి మరీ అతిగా చెబుతున్నానని అనుకోవద్దు. 1973కు ముందు కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారికి చట్టప్రకారం ఇక్కడ ఉండే హక్కు ఉంది, దానిని రుజువు చేసే పత్రాలు మాత్రం చాలామంది దగ్గర లేవు, వారి రాకను నమోదు చేసిన పాత ల్యాండింగ్ కార్డులను 2010లో నాశనం చేశారు. హక్కు ఉండీ ఉద్యోగాలు, వైద్యం, ఇళ్ళు పోగొట్టుకున్న ఆ విండ్‌రష్ తరానికి 2018లో ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది. ఇప్పుడు వీసా కార్డులు కూడా పోయి, అంతా ఆన్‌లైన్ ఈవీసాగా మారింది. చేతిలో పట్టుకుని చూపడానికి ఏమీ లేని ఈ పద్ధతి నాకు నచ్చదు, అందుకే నేను కనీసం ఆ ఈవీసా పేజీల ప్రతులనైనా తేదీతో సహా తీసి పెట్టుకోమని అందరికీ చెబుతుంటాను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నాతోపాటు అప్పట్లో ఉత్తరాలు రాసినవారిలో కొందరు, తమకు ఐఎల్ఆర్, ఆ తరువాత పౌరసత్వం వచ్చాక, కొత్తగా వచ్చినవారి గురించి "వీళ్ళకు పదేళ్ళు పెట్టడమే న్యాయం" అంటున్నారు. ఒకప్పుడు అదే గడువు ఒక్క ఏడాది పెరిగితే ఎలా వణికిపోయారో నేను చూశాను. ఇప్పుడు వారికి ఓటు ఉంది, ఎంపీని నేరుగా కలిసే చొరవ ఉంది. మీరు అటువంటివారిని వదిలిపెట్టకుండా అడగండి, మీ తరఫున ఉత్తరం రాయించండి.

2025 మే నెలలో పదేళ్ళ ప్రతిపాదన వచ్చింది. నవంబర్‌లో దానిపై ప్రజాభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు, అది 2026 ఫిబ్రవరి 12తో ముగిసింది. ఇప్పటికే ఇక్కడ ఉన్నవారికి మధ్యంతర ఏర్పాట్లు ఉండాలా అన్నది కూడా అందులో అడిగారు, కనుక దాని గురించి మీరు, మీ భార్య విడివిడిగా మీ ఎంపీకి ఉత్తరం పంపండి, మీరు వచ్చిన తేదీ, ఆనాటి నియమం, దానిని నమ్మి తీసుకున్న నిర్ణయాలు అందులో రాయండి. ఐఎల్ఆర్‌కు అడిగే లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష ఒకసారి ప్యాసైతే దానికి గడువు తీరడమంటూ ఉండదు, దానిని ఇప్పుడే రాసేయండి. ఏ పన్నెండు నెలల్లోనూ 180 రోజులకు మించి దేశం బయట ఉండకుండా చూసుకుని, ప్రయాణ తేదీలన్నీ ఒక పట్టికగా రాసి పెట్టుకోండి. ఐదేళ్ళు నిండడానికి 28 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, నియమం అప్పటికి మారకపోతే ఆ మొదటి రోజునే పెట్టండి. అనుమతి ముగిసేలోగా దరఖాస్తు చేరితే నిర్ణయం వచ్చేవరకు మీ అనుమతి 1971 ఇమిగ్రేషన్ చట్టం 3సి సెక్షన్ కింద కొనసాగుతుంది, ఒక్క రోజు ఆలస్యమైనా ఆ రక్షణ ఉండదు. ఈ శనివారం మీ దరఖాస్తు నాటి ఈమెయిళ్ళు, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, ఆఫర్ లెటర్ అన్నీ బయటికి తీసి, ఐదేళ్ళ మాట ఎక్కడెక్కడ రాసి ఉందో ఇద్దరూ కూర్చుని వెతకండి.