గిన్నెలో పడిన నీడ, భూమి చుట్టుకొలత

ప్రశ్న: ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు బావిలోకి ఎండ పడటం గమనించి, మరో ఊళ్లో కర్ర నాటి, దాని నీడతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడని చదివాను. ఇది ఎలా సాధ్యం? ఆ లెక్క సరైనదేనా?
– పదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

జవాబు: సాధ్యమే. అయితే ఈ కథను కొంత సరిదిద్దుకోవాలి. ఎరటోస్తనీస్ క్రీ.పూ. 276 ప్రాంతంలో, నేటి లిబియాలోని సైరీన్ అనే గ్రీకు పట్టణంలో పుట్టి, ఆ తర్వాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి అయ్యాడు. భూమి కొలత గురించి ఆయన రాసిన పుస్తకం కాలగర్భంలో కలిసిపోయింది. ఆయన పద్ధతిని మనకు విడమరచి చెప్పినవాడు కొన్ని శతాబ్దాల తర్వాతి గ్రీకు రచయిత క్లియోమెడీస్. ఆ వివరణలో బావి ప్రస్తావన లేదు. పగలు అన్నిటికంటే పొడవుగా ఉండే రోజున, అంటే జూన్ 21 ప్రాంతంలో, సైయీన్‌లో (నేటి అస్వాన్) మిట్టమధ్యాహ్నం నీడగడియారాల ముల్లుకు నీడ పడదని మాత్రమే అందులో ఉంది. సైయీన్ బావి ముచ్చట స్ట్రాబో, ప్లినీ అనే ప్రాచీన రచయితల రచనల్లోది. కాలక్రమంలో అది ఈ కథతో కలిసిపోయింది.

అలెగ్జాండ్రియాలో వాడింది కూడా నేలలో నాటిన కర్ర కాదు, గిన్నె ఆకారపు నీడగడియారం. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ గిన్నే. సగం బంతిలా తొలిచిన ఆ గిన్నె అడుగున నిటారుగా ఒక ముల్లు ఉంటుంది, ముల్లు కొన సరిగ్గా ఆ బంతి కేంద్రం దగ్గర నిలుస్తుంది. నేల మీద పడే నీడ సరళరేఖ కాబట్టి దాన్నుంచి కోణం రాబట్టడానికి త్రికోణమితి కావాలి. గిన్నె లోపలి గోడ మీద పడే నీడ వృత్తంలో ఒక ముక్క కాబట్టి, పూర్తి వృత్తంలో అది ఎన్నో వంతో కొలుచుకుంటే చాలు. అదే రోజు మధ్యాహ్నం అలెగ్జాండ్రియాలో ఆ ముక్క వృత్తంలో 50వ వంతు ఉంది.

మిగిలినదంతా మీ గణిత పుస్తకంలో ఉన్న జ్యామితే. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి రెండు ఊళ్ల మీదా పడే కిరణాలు సమాంతరం. రెండు ఊళ్లలోని నిలువు ముళ్లను కిందికి పొడిగిస్తే అవి భూకేంద్రం దగ్గర కలుస్తాయి. సమాంతర రేఖలను ఖండించే రేఖ దగ్గర ఏకాంతర కోణాలు సమానం కాబట్టి, గిన్నెలో కనిపించిన కోణమే భూకేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య ఉన్న కోణం. అంటే ఆ ఊళ్ల మధ్య దూరం భూమి చుట్టుకొలతలో 50వ వంతు. ఆ దూరాన్ని 5,000 స్టేడియాలుగా (స్టేడియం అంటే అప్పటి గ్రీకుల దూరపు కొలత) తీసుకుంటే చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు అవుతుంది.

ఇక సరైనదా అన్న సంగతి. స్టేడియం పొడవు అన్నిచోట్లా ఒకటి కాదు. 157.5 మీటర్లు అనుకుంటే 39,375 కిలోమీటర్లు, 185 మీటర్లు అనుకుంటే 46,250 కిలోమీటర్లు వస్తాయి. ధ్రువాల మీదుగా అసలు కొలత 40,008. సైయీన్ కర్కటరేఖకు కాస్త ఉత్తరాన ఉంది, పైగా అలెగ్జాండ్రియాకు సరిగ్గా దక్షిణాన కాక సుమారు 3 డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే ఒక శాతం తేడాతో కొలిచాడని గొప్పలు చెప్పడం నాకు సమ్మతం కాదు. కోణం మాత్రం ఆయన చక్కగా పట్టుకున్నాడు: ఆయనది 7.2 డిగ్రీలు, ఆ రెండు ఊళ్ల అక్షాంశాల మధ్య నేటి లెక్కలో ఉన్న తేడా సుమారు 7.1.

ప్రశ్న: భూమి బల్లపరుపుగా ఉండి, సూర్యుడు దగ్గరగా ఉన్నా నీడల్లో తేడా వస్తుంది కదా? మరి భూమి గుండ్రమని ఆయనకెలా తెలుసు?
– ఒక ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: చాలా మంచి ప్రశ్న. అవే కొలతలతో, భూమి చదునైనదనుకుంటే సూర్యుడు దాదాపు 40,000 స్టేడియాల ఎత్తులో ఉన్నాడని తేలుతుంది, అందులో గణిత దోషం ఏమీ లేదు. రెండు నీడలతో ఈ వివాదం తెగదు. గుండ్రమన్న నమ్మకం వేరే ఆధారాల నుంచి వచ్చింది. గ్రహణాలప్పుడు చంద్రుడి మీద పడే భూమి నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుందని, ఈజిప్టులో కనిపించే కొన్ని నక్షత్రాలు ఉత్తరాన కనిపించవని అప్పటికే అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) రాశాడు. చంద్రుడికంటే సూర్యుడు 18 నుంచి 20 రెట్లు దూరమని గ్రీకు ఖగోళవేత్త అరిస్టార్కస్ లెక్క తేల్చాడు. నిజానికి అది దాదాపు 400 రెట్లు. అయినా కిరణాలను సమాంతరాలుగా తీసుకోవడానికి అంత దూరమూ సరిపోతుంది.

నక్షత్రాల సాక్ష్యాన్ని మనమూ చూడవచ్చు. మనం అగస్త్య నక్షత్రం అనే కెనోపస్ గ్రీకు ద్వీపం రోడ్స్‌లో క్షితిజాన్ని రాసుకుంటూ పోతుందని, అలెగ్జాండ్రియాలో కొంత పైకి లేస్తుందని గమనించి, పోసిడోనియస్ అనే గ్రీకు పండితుడు దానితోనే భూమిని మరోసారి కొలిచాడు. ఫిబ్రవరి రాత్రుల్లో హైదరాబాదు నుంచి దక్షిణానికి చూస్తే అది సుమారు 20 డిగ్రీల ఎత్తులో మెరుస్తూ కనిపిస్తుంది.

ప్రశ్న: మా పిల్లలతో ఈ కొలత చేయించవచ్చా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: తప్పకుండా. హైదరాబాదులో ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు వస్తువుకు నీడ పడదు. ఆ రోజు మీ ఇంటి డాబా మీద మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, గడియారంలో పన్నెండు కోసం చూడకుండా, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. సుమారు ఆరున్నర సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది. అంటే కోణం దాదాపు 3.75 డిగ్రీలు, వృత్తంలో 96వ వంతు. హైదరాబాదు, తిరుపతిల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 417 కిలోమీటర్లు, దాన్ని 96తో గుణిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది; రోడ్డు దూరం వాడకండి. కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి కట్టిన రాయితో సరిచూసుకోండి, ఎందుకంటే నీడ కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే భూమి చుట్టుకొలత 600 కిలోమీటర్లు మారిపోతుంది.