ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనకుండా, ఓపెన్ సోర్స్‌తోనే ఇల్లూ చిన్న డీటీపీ షాపూ నెట్టుకురావచ్చా?

చాలావరకు నెట్టుకురావచ్చు. పూర్తిగా మాత్రం కుదరదు. ఫోటోషాప్, ఎమ్మెస్ ఆఫీస్ కొనే స్తోమత లేదు, దొంగ కాపీ (క్రాక్) వేసుకోవడం ఇష్టం లేదు, పిల్లల చదువుకీ ఇంటి ముందు పెట్టబోయే షాపుకీ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్‌వి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచినవి, సరిపోతాయా అని కదా మీరు అడిగింది. మాది తెనాలి. ముందు గదిలో షాపు, వెనక కాపురం. పగలు శుభలేఖలు చేసే కంప్యూటర్ మీదే రాత్రి పిల్లల ప్రాజెక్టులు చేస్తారు. అందుకని రెండు వైపులా చెప్పగలను.

నేను ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే చూసుకుంటాను: ఈ ఫైలు చివరికి ఎవరి చేతికి వెళ్తుంది? మన ఇంట్లోనే ప్రింటయ్యేదైనా, పీడీఎఫ్‌గానో జేపెగ్‌గానో ఇచ్చేస్తే సరిపోయేదైనా దేంట్లో చేశామని ఎవరూ అడగరు. అవతలివాళ్లు అదే ఫైలు తెరిచి మార్పులు చెయ్యాలంటేనే చిక్కులు మొదలవుతాయి.

ముందు ఎమ్మెస్ ఆఫీస్‌కు బదులు వాడే లిబ్రేఆఫీస్ సంగతి. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు అన్నీ ఇందులోనే చేస్తారు. వర్డ్ ఫైళ్లు ఇందులో తెరిస్తే లైన్లు జారిపోతాయని భయపెడతారు గానీ, కాలిబ్రి ఫాంటుకు బదులుగా సరిగ్గా అదే వెడల్పు అక్షరాలున్న కార్లిటో లిబ్రేఆఫీస్‌తోనే వస్తుంది. మామూలు ఉత్తరాలకు ఏ తేడా రాదు. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, లోడ్/సేవ్ కింద జనరల్‌లో, ఎప్పుడూ వర్డ్, ఎక్సెల్ రకాలైన డాక్‌ఎక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గానే సేవ్ అయ్యేలా పెట్టండి, అవతలివాళ్లతో పేచీ ఉండదు. పైఆఫీసు నుంచి మాక్రోలతో (ఫైల్లోనే ఉండే చిన్న ప్రోగ్రాములతో) వచ్చే ఎక్సెల్ ఫారాలు మాత్రం మొరాయిస్తాయి. వాటిని ఆయన స్కూల్లో కంప్యూటర్ మీదే నింపి వస్తారు. దానికోసం ఇంట్లో నేనేమీ తంటాలు పడను.

మా అత్తయ్య మంగళహారతి పాటలు నోటుబుక్కులో రాసుకునేవారు. వాటిని లిబ్రేఆఫీస్‌లోని రైటర్‌లో టైపు చేసి చిన్న పుస్తకం వేశాం. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. పేరా స్టైల్‌లో ఫాంటు సైజు పెంచుతాం, ఇంగ్లీషు పెరుగుతుంది, తెలుగు ఉన్నచోటే ఉంటుంది. అదే పెట్టెలో సీటీఎల్ ఫాంట్ అని ఇంకో గడి ఉంటుంది. తెలుగుకు సంబంధించింది అదే. అది కనిపించకపోతే ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్కు పెట్టాలి. ప్రింటు కొట్టేటప్పుడు బ్రోచర్ అనే ఆప్షన్ ఎంచుకుంటే, ఏ4 కాగితం మధ్యకు మడిస్తే పుస్తకం అయ్యేలా పేజీలను అదే సర్దుకుంటుంది. మొత్తం పేజీలు నాలుగుతో భాగించేలా చూసుకోండి, లేకపోతే చివర ఖాళీ పేజీలు మిగులుతాయి. శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లకు వాయనంతో పాటు ఆ పుస్తకం ఇచ్చారు అత్తయ్య. వచ్చే ఏడాది వ్రతకథ కూడా చేర్చమని ఇప్పటినుంచే పోరు.

తెలుగు విషయంలో ఉచితంవే ఒక మెట్టు పైన ఉంటాయంటే చాలామంది నమ్మరు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, వెబ్‌సైట్లలో ఉండే ప్రామాణిక తెలుగు) పెడితే, భారతీయ లిపులకు పనికొచ్చే కంపోజర్ అనే సెట్టింగ్‌ని ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి కనిపించేవి. ఫోటోలు సరిచేసే జింప్‌లో, బొమ్మలూ అక్షరాలూ డిజైన్ చేసే ఇంక్‌స్కేప్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే సరిగ్గా వస్తుంది. అక్షరాలకు గుణింతాలు, ఒత్తులు అతికించే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ వాటి అడుగున ఉంటుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు చూపించేదీ అదే. ఫాంట్లకూ కొదవ లేదు. సిలికానాంధ్ర ద్వారా విడుదలైన మండలి, మల్లన్న, పెద్దన, సూరన్న, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి డబ్బు తీసుకుని వేసే శుభలేఖల్లోనూ నిక్షేపంగా వాడుకోవచ్చు.

శుభలేఖలు నేను ఇంక్‌స్కేప్‌లో చేస్తాను. పెళ్లివారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. "అమ్మా, మా పెద్ద బావగారి పేరు ఆయన తమ్ముడి కింద పడింది, చూశాడంటే పెళ్లికి రాడు" అంటారు. పేరు పైకి జరుపుతాం. అంతలో ఇంటిపేరులో దీర్ఘం పోయిందని ఇంకొకరు ఫోన్ చేస్తారు. అందుకే అందరూ సరే అనేదాకా అక్షరాలను అక్షరాలుగానే ఉంచాలి. ఖాయమయ్యాక ఫైలుకు ఇంకో కాపీ తీసి, ఆ కాపీలో మాత్రం పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టాలి. ప్రెస్‌లో మన ఫాంటు లేకపోయినా ఇక అక్షరం చెదరదు. అసలు ఫైలు జాగ్రత్త, ఆఖరి నిమిషంలో ముహూర్తం నిమిషాలు మార్చమని వచ్చేవాళ్లు ఉంటారు!

ఇంక్‌స్కేప్‌కి ఒక లోటుంది. అది పనిచేసేది తెరకు పనికొచ్చే ఆర్జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) రంగుల్లో, ఆఫ్‌సెట్ ప్రెస్‌కు కావలసింది సిరాలకు పనికొచ్చే సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు). తెర మీద ధగధగలాడే కుంకుమ ఎరుపు కార్డు మీద చప్పబడుతుంది. రంగు ముఖ్యమైన కార్డులను పేజీలు అమర్చే స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని, ఎరుపును మెజెంటా 100, పసుపు 100గా నేనే పెట్టి పీడీఎఫ్ తీస్తాను. స్క్రైబస్ పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు నిలబడేవి కావు. 2024లో వచ్చిన 1.6 నుంచి ఆ బాధ లేదు, కనుక పాతది ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఇస్తే వేసుకోకండి.

ఇక కుదరని చోట్లు. మన ఊళ్లలో చాలా ప్రెస్సులు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్ల మీదే బతుకుతున్నాయి. అనులో కొట్టింది యూనికోడ్ కాదు. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి వాక్యం చదువుకోవాల్సిందే. పత్రిక, పుస్తకం పనులు ఒప్పుకుని ఫైలు వాళ్లకే ఇవ్వాలంటే వాళ్ల దారిలోకి వెళ్లక తప్పదు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లను ఇంక్‌స్కేప్ తెరుస్తుంది, అలాగని అన్నీ కుదురుగా రావు. పెళ్లి ఆల్బమ్‌ల పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) టెంప్లేట్లు జింప్‌లో తెరుచుకుంటాయి, ఎఫెక్టులు అన్నీ నిలబడవు. మీ ఆదాయం ఆల్బమ్ డిజైనింగ్ మీదే అయితే ఫోటోషాప్‌కి నెలనెలా కట్టుకోవడమే మేలని నా ఉద్దేశం. పని మీద వచ్చే డబ్బులోంచే అది పోతుంది.

షాపులో రోజువారీగా వచ్చే ఫోటో పనులకు జింప్ చాలు. దరఖాస్తుల్లో ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటారు చూడండి, జింప్‌లో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ టిక్కు పెడితే క్వాలిటీ మీట జరిపేకొద్దీ ఫైలు ఎంత బరువో అక్కడే కనిపిస్తుంది. కొలతలు ముందే తగ్గించుకుంటే మొహం మసకబారదు.

పిల్లల సంగతికొస్తే, చిన్నాడికి బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్ ఇచ్చి కూర్చోబెడితే ఇల్లు ప్రశాంతం. పెద్దదానికి ఇంజనీరింగ్‌లో డ్రాయింగులు గీసే ఆటోకాడ్ కావాల్సి వచ్చింది. దానికి ప్రత్యామ్నాయం వెతకలేదు, విద్యార్థులకు ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. అది ఓపెన్ సోర్స్ కాదు, చదువు అయ్యాక ఉండదు, అయినా కాలేజీలో అదే నేర్పుతున్నప్పుడు పంతాలకు పోకూడదు. తనకు సరదా మాత్రం 3డీ బొమ్మలు, యానిమేషన్ చేసే బ్లెండర్ మీద. 2002లో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, వాడేవాళ్లు చందాలు పోగేసి లక్ష యూరోలు కట్టి ఆ కోడ్‌ను అందరికీ విడిపించుకున్నారని ఓరోజు భోజనాల దగ్గర మాకందరికీ పాఠం చెప్పింది. "మరి మన కేబుల్ బిల్లుకి కూడా అట్లా చందాలు వెయ్యరాదూ" అన్నారు అత్తయ్య.

ఇక విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత లినక్స్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, విండోస్ 11 మా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కదు. అందులో లినక్స్ మింట్ వేసి ఇంట్లోకి ఇచ్చేశాను, చదువులకీ బ్రౌజింగ్‌కీ హాయిగా పనిచేస్తోంది. షాపు మెషీన్‌లో మాత్రం విండోసే ఉంచాను. మేం వాడే వేలిముద్ర పరికరానికి ఇచ్చిన డ్రైవర్ విండోస్‌దే.

ఇవన్నీ లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, జింప్ డాట్ ఆర్గ్ లాంటి సొంత సైట్ల నుంచే దించుకోండి. వెతికితే పైన ప్రకటనల్లో అవే పేర్లతో నకిలీవి తగులుతాయి. ఈ ఓపెన్ సోర్స్‌వాటితో చేసిన పనికి డబ్బులు తీసుకోవచ్చా అన్న అనుమానం వద్దు, లైసెన్సులో ఎలాంటి అడ్డూ లేదు.

మీరింకా షాపు తెరవలేదు కాబట్టి, ముందు మీరు పని ఇవ్వబోయే ప్రెస్‌కీ ఫ్లెక్సీ వాళ్లకీ ఫోన్ చేసి పీడీఎఫ్ తీసుకుంటారా, ఏ సైజులో, రంగులు ఎలా ఇవ్వాలి అని అడగండి. ప్రింటర్ కొనేముందు దానికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో కూడా చూసుకోండి, రేపు విండోస్ వదిలెయ్యాలనుకుంటే అదొక్కటే ఆపకుండా.