విప్పడమా, తొలగించడమా?

సందేహం: ఇంటి దగ్గరే మా పాత కారుకు పవర్ స్టీరింగ్ పంపు (స్టీరింగు తేలిగ్గా తిరిగేందుకు ఆయిలును ఒత్తిడితో తోసేది) మార్చుకున్నాను. ఆ పని ఎట్లా చేశానో రాసి తమ్ముడికి పంపితే, ‘బోల్టు ఇప్పాలి’ అనేది మొరటు మాట, ‘తొలగించాలి’ అని రాయమన్నాడు. ఏది సరి? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: మీరు రాసిందే సరి. రాతలో ‘విప్పాలి’ అని దిద్దుకుంటే చాలు. విను ‘ఇను’, విడుచు ‘ఇడుసు’ అయినట్టే విప్పు ‘ఇప్పు’ అయింది. మాట మొదట ఉన్న ‘వి’లో వకారం జారిపోవడం నల్లగొండ, పాలమూరు పలుకుబడిలో మామూలే. అందులో మొరటుతనం ఏమీ లేదు.

నాకు పేచీ ‘తొలగించు’తోనే. తొలగడమంటే పక్కకు తప్పుకోవడం. దారిలో పడ్డ ముళ్లకంపను తొలగిస్తాం, మనిషిని ఉద్యోగం నుంచి తొలగిస్తారు. చేత్తో ఏం చేస్తే ఆ వస్తువు బయటికొచ్చిందో ఈ మాట చెప్పదు. రిపేరు నేర్చుకునేవాడికి కావలసింది అదే కదా! ఇంగ్లీషులో బోల్టుకూ బెల్టుకూ పైపుకూ ‘రిమూవ్’ ఒక్కటే సరిపోతుంది. తెలుగులో చెయ్యి కదిలే తీరును బట్టి క్రియ మారుతుంది.

బోల్టును తిప్పి వదులు చేస్తాం కనుక విప్పుతాం, ముడి విప్పినట్టు. బెల్టును టెన్షన్ తగ్గించి పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) మీంచి తప్పిస్తాం. అదే బెల్టు దానంతట అది జారితే మీ వైపు ‘ఊసింది’ అంటారు, సైకిల్ చైను ఊసినట్టు. ఎంత చక్కటి మాట! పంపు నుంచి ఒత్తిడితో ఆయిలు పోయే ప్రెషర్ పైపు కొసన నట్టు ఉంటుంది, దాన్నీ విప్పుతాం. ఆయిలు డబ్బా నుంచి వచ్చే రబ్బరు పైపును మాత్రం క్లిప్పు వదులు చేసి ఊడదీస్తాం. పట్టు ఉన్నదే ఊడుతుంది, పన్ను ఊడినట్టు. షాఫ్టుకు బిర్రుగా కూర్చున్న పుల్లీని పుల్లర్ అనే పనిముట్టు పెట్టి గుంజుతాం. పాత ఆయిలును ఒంపుతాం. అన్నిటికీ ‘తొలగించు’ అని రాస్తే, కొత్తవాడు విప్పాల్సిన పైపును గుంజి పాడుచేసుకుంటాడు.

తమ్ముడికి రాసి, నాకూ పంపిన మీ రాతలో ఇంకొక్క చోట మాత్రం దిద్దాలి. కొత్త ఆయిలు పోశాక, ముందు చక్రాలు పైకి లేపి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తిప్పడాన్ని ‘గాలి కొట్టడం’ అన్నారు. అది గాలి తీయడం. గాలి కొడితే టైరులోకి పోయినట్టు లోపలికి పోతుంది. ఇక్కడ పైపుల్లో చిక్కిన గాలి బుడగలుగా డబ్బాలోకి రావాలి. అది పూర్తిగా వచ్చేదాకా పంపు మూలుగుతుందని రాశారు చూడండి, ఆ ‘మూలుగు’ను మాత్రం ఎవరు చెప్పినా మార్చకండి.