ప్రమాదం వార్తల్లోకెక్కాక పర్యాటకులు మళ్లీ ఎప్పుడు వస్తారు? పాపికొండల అనుభవం

పహల్గాం దాడి తరువాత కశ్మీర్ ప్రయాణాలు ఒక్కసారిగా రద్దయ్యాయి కదా, ఇలాంటి భయాన్ని ప్రభుత్వాలు ప్రచారంతో పోగొట్టగలవా లేక కాలానికే వదిలేయాలా అని అడిగారు. కశ్మీర్ గురించి నాకు తెలిసింది తక్కువ. గోదావరి గురించి మాత్రం చెప్పగలను. రాజమహేంద్రవరంలో మా మేనమామ పాపికొండల యాత్రకు టికెట్లు కట్టే చిన్న కౌంటరు నడిపేవారు. ఫోన్లు చూసుకునే పని నాది. 2019కి ముందు ఏమని ఫోన్లు వచ్చేవో, ఆ తరువాత ఏమని వచ్చాయో నా చెవులతో విన్నాను.

నా జవాబు ఇది: ప్రచారం భయాన్ని తగ్గించగలదు. అయితే ఆ ప్రచారం చేసేవారికి "ఈ రోజు రావద్దు" అని చెప్పే ధైర్యం కూడా ఉండాలి. ఆ ధైర్యం లేనప్పుడు ఎంత అందమైన పోస్టరు వేసినా జనం నమ్మరు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటులో 70 మందికి పైగా ఉంటే ప్రాణాలతో బయటపడినవారు 26 మందే. వారిని కాపాడింది కూడా ముందుగా కచ్చులూరు గిరిజనులే. కేకలు విని, తమ పడవలు వేసుకుని ఆ ఉద్ధృతిలోకి వెళ్లారు. ఆ ఊరివాళ్లకు ఈ రాష్ట్రం ఎంత రుణపడి ఉందో ఇప్పటికీ సరిగ్గా చెప్పుకోలేదని నా బాధ.

ఆ రోజు నదిలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. అంటే బ్యారేజీ లెక్కలో చూస్తే హెచ్చరిక స్థాయిలో సగమే. కానీ పాపికొండల మధ్య గోదావరి ఇరుకైపోతుంది. ధవళేశ్వరం దగ్గర మైళ్ల వెడల్పున పరుచుకునే నీరే ఇక్కడ రెండు కొండల నడుమ సుడులు తిరుగుతూ దూసుకుపోతుంది. ఒకచోట మామూలుగా కనిపించే అంకె ఇంకోచోట ప్రాణాంతకం కావచ్చు. ఈ సంగతి బోటు నడిపే సరంగులకు తెలుసు, ఒడ్డున ఉండే కొండరెడ్డి గిరిజనులకు తెలుసు. టికెట్టు కొనుక్కున్నవారికి చెప్పినవారు లేరు. ఏ కరపత్రంలోనూ ఆ మాట ఉండేది కాదు. ఉంటే జనం రారని వ్యాపారుల భయం.

బోటును పైకి తీసింది అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. అప్పటిదాకా అయిదు వారాల పాటు టీవీలో రోజూ అదే నది, అదే మలుపు, లంగరు తగిలిందా లేదా అన్న చర్చ. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయినప్పుడు వార్త కొద్ది రోజుల్లో సద్దుమణిగింది. కచ్చులూరు వార్త సద్దుమణగలేదు. దృశ్యం ఎన్ని రోజులు కళ్ల ముందు ఉంటే భయం అంత లోతుగా నాటుకుంటుందని నాకు అర్థమైంది అప్పుడే.

ఆ ప్రమాదానికి ముందు వచ్చే ఫోన్లలో అడిగేవి భోజనం సంగతులు. మధ్యాహ్నం ఏమి వడ్డిస్తారు, పిల్లలకు సగం టికెట్టా, కొల్లూరు వెదురు గుడిసెల్లో రాత్రి బస ఉందా. లైఫ్ జాకెట్ల గురించి అడిగినవారు నాకు గుర్తు లేరు. ప్రమాదం తరువాత పాపికొండల యాత్ర ఎలాగూ ఆగిపోయింది. ఆశ్చర్యపరిచింది మిగతా రద్దులు. కోనసీమలో దిండి హౌస్‌బోటు వద్దన్నారు. అంతర్వేది ప్రయాణం మానుకున్నారు. గోదావరి పేరు వినపడితే చాలు, వద్దనేవారు. దిండి దగ్గర నిదానంగా సాగే పాయకూ కచ్చులూరు సుడికీ సంబంధమే లేదని చెప్పబోతే ఫోను పెట్టేసేవారు.

అదే సమయంలో జనం మారేడుమిల్లి వైపు మళ్లారు. అడవి, బొంగు చికెన్, జలపాతాలు. "నీళ్లలోకి వెళ్లం, కారులోనే వెళ్తాం, భయం లేదు" అని ఒక కుటుంబ పెద్ద అన్న మాట ఇంకా చెవిలో ఉంది. కచ్చులూరు ప్రమాదం జరిగిన సరిగ్గా నెలకు, 2019 అక్టోబరు 15న, మారేడుమిల్లి-చింతూరు ఘాట్ రోడ్డులో కర్ణాటక యాత్రికుల బస్సు లోయలో పడి పలువురు చనిపోయారు. ఆ ఘాట్ రోడ్డు గురించి అడుగుతూ మాకు వచ్చిన ఫోన్లు దాదాపు లేవు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు ముగ్గురు కొట్టుకుపోయి మరణించారు. వారాంతపు రద్దీ తగ్గలేదు. స్టీరింగు తన చేతిలోనో తన డ్రైవరు చేతిలోనో ఉంటే మనిషికి ధైర్యం. జలపాతంలో దిగాలా వద్దా అన్నది తన ఇష్టమే కనుక అక్కడా ధైర్యం. బోటులో ప్రాణం ఎవరో తెలియని సరంగు చేతిలో ఉంటుంది. అందుకే అక్కడ భయం పదింతలు.

ఈ భయానికి మూల్యం చెల్లించినవారిని ఎవరూ లెక్కపెట్టలేదు. బోట్లు చేరే పేరంటాలపల్లిలో కొండరెడ్డి మహిళలు వెదురును సన్నగా చీల్చి పూలు, బొమ్మలు చేసి అమ్ముతారు. వెదురు పుల్ల మీద కత్తితో పైనుంచి కిందికి గీస్తూ పోతే పొరలు పొరలుగా లేచి చివర పువ్వులా విచ్చుకుంటుంది. దానికి రంగు అద్దుతారు. కొనేది బోటు దిగి శివాలయానికి వెళ్లే పర్యాటకులే. అక్కడికి రోడ్డు మీద వెళ్లి కొనేవారు ఎవరు? బోట్లు ఆగిన రోజే ఆ పూల అమ్మకమూ ఆగింది. బోటు యజమానికి బ్యాంకు ఉంది, బీమా ఉంది. ఆ మహిళలకు ఏముంది?

ప్రమాదం తరువాత ప్రభుత్వం రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టింది. 2021లో బోట్లు మళ్లీ కదిలాయి, వరద వచ్చినప్పుడల్లా ఆగుతూ. మొదట్లో హోర్డింగుల మీద పాత పద్ధతే: నీలి నీరు, పచ్చని కొండలు, "రండి, ఆనందించండి" అన్న పిలుపు. ఫోను చేసినవారు అందం గురించి అడగలేదు. అది వారికి ముందే తెలుసు. వారు అడిగినది వేరు. వరద ఎంత ఉంటే ఆపుతారు? ఆపమని చెప్పేది ఎవరు, బోటు యజమానా, అధికారా? ఎక్కేటప్పుడు పేర్లు రాసుకుంటారా? ఆపితే డబ్బు తిరిగి ఇస్తారా?

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పినప్పుడే టికెట్లు కట్టేవారు. "ఏమీ కాదండీ, మేమున్నాం కదా" అంటే ఒక్కరూ కట్టలేదు. అనుమతి ఇచ్చేది కంట్రోల్ రూము అని, వారు వద్దంటే ఆ రోజు బోటు కదలదని, డబ్బు వెనక్కి ఇస్తామని చెప్పేదాన్ని. వరంగల్ నుంచి ఒక పెద్దాయన కుటుంబంతో వచ్చాక యాత్ర ఆపేయవలసి వచ్చింది. కౌంటరు ముందు నిలబడి గట్టిగా తిట్టారు. "ఎండ కాస్తోంది, వాన చుక్క లేదు, ఎందుకు ఆపారు?" అని. పైన కురిసిన వాన ఇక్కడికి ఎండలోనే వరదగా వస్తుందని మామయ్య ఓపికగా చెప్పారు. ఆయనే తరువాతి శీతాకాలం తమ వీధిలోని నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని వచ్చారు. "అప్పుడు ఆపారు కాబట్టే వీళ్లను తెచ్చాను" అన్నారు. అంతకు మించిన ప్రచారం మా కౌంటరుకు ఏ హోర్డింగూ చేయలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. భయం ఒక్కోసారి మనుషులను లాక్కొస్తుంది కూడా. "బోటు మునిగిన చోటు చూపిస్తారా?" అని అడిగేవారు తయారయ్యారు. కచ్చులూరు దగ్గరికి రాగానే ఫోన్లు పట్టుకుని అందరూ ఒకే పక్కకు చేరేవారు. బోటు ఒరిగేది. సరంగు అరిచి మళ్లీ కూర్చోబెట్టవలసి వచ్చేది. అంతమంది ప్రాణాలు పోయిన చోటును వింతగా చూపించి సొమ్ము చేసుకోవడం తప్పు. చనిపోయినవారి కుటుంబాలు ఈ రెండు రాష్ట్రాల్లోనే, మన మధ్యే ఉన్నాయి.

ఇప్పుడు కశ్మీర్ సంగతి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్‌లో 26 మందిని చంపారు. అందులో మన విశాఖపట్నం వ్యక్తి ఒకరు, పర్యాటకుల కోసం గుర్రం నడిపే స్థానికుడు ఒకరు. నదీ ప్రమాదానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది: వరదకు పగ ఉండదు, తుపాకీ పట్టినవాడు ఎంచుకుని మరీ చంపాడు. "జాగ్రత్తలు తీసుకున్నాం" అన్న మాట అక్కడ అంత తేలిగ్గా చెల్లదు. ఆ తరువాత కశ్మీర్‌లోని 87 పర్యాటక స్థలాల్లో 48 మూసేశారు. మే 27న ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా మంత్రివర్గ సమావేశాన్ని పహల్గాంలోనే జరిపారు. అది ధైర్యం చెప్పే పనే, కాదనను. అయినా నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది జూన్ నుంచి స్థలాలను విడతలవారీగా తెరవడం. కొన్నింటిని అప్పటికి ఇంకా మూసి ఉంచారు కనుకే తెరిచినవాటి మీద నమ్మకం కుదిరింది.

శ్రీలంకను చూడండి. 2018లో 23 లక్షల మందికి పైగా విదేశీ పర్యాటకులు వెళ్లారు. 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ బాంబు దాడుల తరువాత, మే నెలలో రాక అంతకు ముందటి మే కంటే దాదాపు 70 శాతం పడిపోయింది. ఆగస్టు నుంచి భారత్ సహా పలు దేశాలవారికి వీసా రుసుము ఎత్తేశారు. రాక నెమ్మదిగా పుంజుకుంది కానీ ఆ ఏడాది మొత్తం 19 లక్షల దగ్గరే ఆగింది. వీసా రుసుము తీసేస్తే ఖర్చు తగ్గుతుంది. భద్రత గురించిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. హోటళ్లు సగం ధరకు గదులిస్తామన్నప్పుడు మా దగ్గరా కొందరు అనుమానంగానే అడిగేవారు, "ఎందుకింత తగ్గించారు?" అని.

మీరు కశ్మీర్‌కు వెళ్లే ఆలోచనలో ఉంటే, ట్రావెల్స్‌వారిని "క్షేమమేనా?" అని అడగకండి. ఔననే అంటారు. మీ జాబితాలోని ప్రతి స్థలం పేరు చెప్పి, అది ఇప్పుడు తెరిచి ఉందో లేదో అడగండి. అమర్‌నాథ్ యాత్ర రోజులైతే యాత్రికుల వాహన శ్రేణి కోసం రహదారిని ఏ వేళల్లో ఆపుతారో అడగండి. బయలుదేరాక మూసేస్తే డబ్బు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. వీటికి తడుముకోకుండా జవాబిచ్చేవారి దగ్గరే టికెట్టు కట్టండి.