గేమింగ్ కంప్యూటర్‌కు 88 వేల కొటేషన్, చేతిలో 60 వేలు

ప్రశ్న: మాది కరీంనగర్. మా వారికి చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇంటి ఖర్చులు పోను నెలకు నాలుగైదు వేలు మిగులుతాయి. మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం, ఇంటి నుంచే కాలేజీకి వెళ్తాడు. చదువుకు పాత లాప్‌టాప్ ఉంది. గేమ్స్ కోసం పార్టులు కొని కంప్యూటర్ తనే బిగించుకుంటానని ఏడాదిగా అడుగుతున్నాడు. చీటీ ఎత్తిన డబ్బులో 60 వేలు దీనికని పక్కన పెట్టాం. వాడు తెచ్చిన కొటేషన్ 88 వేలు. తక్కువ పడిన 28 వేలకు షాపువాళ్లు నెలకు 2,650 చొప్పున 12 నెలల ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఫైల్ చార్జీ 600. మా వారేమో నా గొలుసు బ్యాంకులో పెడదాం అంటున్నారు. ఏది మంచిది? కరెంటు బిల్లు పెరుగుతుందా? మాకు ఇప్పుడు జీరో బిల్లు వస్తోంది. కొటేషన్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, రెండూ వద్దు. ఈఎంఐ వద్దు, గొలుసూ వద్దు. అలాగని అబ్బాయికి కంప్యూటర్ కొనివ్వొద్దని నేననను. ఏడాదిగా అడుగుతున్నాడు, మీరు ముందే డబ్బు పక్కన పెట్టారు. కొనండి. కాకపోతే రెండు విడతల్లో కొనండి. ఫ్రిజ్ సగం ఇప్పుడు, సగం ఆర్నెల్లకు కొనలేం. విడి పార్టులతో బిగించుకునే కంప్యూటర్‌ను అలా కొనొచ్చు. అందులో ఉన్న అసలు లాభమే అది. అబ్బాయి తెచ్చిన కొటేషన్‌లో ఆ లాభం పూర్తిగా పోతోంది.

ముందు ఈఎంఐ లెక్క చూద్దాం. 2,650 చొప్పున 12 నెలలు కడితే 31,800. అంటే 28 వేలకు 3,800 ఎక్కువ. ఏడాదికి పదమూడున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా అసలు కూడా తీరుస్తూ వస్తున్నారు. చివరి నెలల్లో మీ దగ్గర వాళ్ల డబ్బు నాలుగైదు వేలకు మించి ఉండదు, కిస్తీ మాత్రం అదే. ఆ తగ్గుదల కలిపి లెక్కేస్తే ఇది దాదాపు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం. ఫైల్ చార్జీ 600 దానికి అదనం. మొత్తం 4,400. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

గొలుసు మీద బ్యాంకు వడ్డీ ఇంతకంటే తక్కువే పడుతుంది, నిజమే. కానీ చదువుకు లాప్‌టాప్ ఉందని మీరే రాశారు. కాబట్టి ఇది సరదా కోసం కొనే వస్తువు. ఏడాది తిరిగేసరికి దీని ధర సగానికి పడిపోవచ్చు. అలాంటిదాని కోసం బంగారం గడప దాటకూడదు. ఆపద వచ్చినప్పుడు వాడుకోవాల్సిన గొలుసు అది.

ఇక కొటేషన్. ఒక్కో లైనూ చదివాను. రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్ 15,500. పార్టులన్నీ తగిలించే బీ550 మదర్‌బోర్డు 11,500. 16 జీబీ ర్యామ్, ఒకే స్టిక్, 12,000. తెర మీద బొమ్మలు గీసే ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 6 జీబీ, 17,500. ఫైళ్లు, గేములు దాచుకునే 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 5,500. గాజు తలుపు, రంగు లైట్ల కేబినెట్ 6,500. లిక్విడ్ కూలర్ 6,200. లైట్ల కీబోర్డు, మౌస్ 2,500. మానిటర్ 9,000. ఎస్‌ఎంపీఎస్ 1,800, దాని పక్కన కంపెనీ పేరు కూడా రాయలేదు.

చూశారా, లైట్లకు, గాజుకు, నీళ్ల కూలర్‌కు కలిపి 15,200 పెట్టి, మొత్తం కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెకు 1,800 పెట్టారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. 2018లో మా తమ్ముడికి కంప్యూటర్ బిగించినప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. షాపతను ఇచ్చిన 900 రూపాయల ఎస్‌ఎంపీఎస్ తీసుకున్నాం. చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది, అయినా అనుమానం రాలేదు. ఏడు నెలలకు ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని శబ్దం, గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన. మూత తీసి చూస్తే మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్ దగ్గర నల్లగా మసి. బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ పోయింది, అందులో వాడి ప్రాజెక్టూ పోయింది. మూడు వేలు మిగుల్చుకుందామని చూసి పదకొండు వేలు పోగొట్టుకున్నాం. అందుకే చెబుతున్నాను, పేరున్న కంపెనీది, 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, ఐదేళ్ల వారంటీ రాసి ఇచ్చేది తీసుకోండి. 4,000 దాకా అవుతుంది. ఈఎంఐలో ఊరికే పోయే 4,400లో ఇది వచ్చేస్తుంది.

అబ్బాయికి ఒక మాట చెప్పండి. గేమింగ్‌లో బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డే. మామూలు మానిటర్ మీద ఆడేవాడికి ఆరు కోర్ల (లోపల లెక్కలు చేసే భాగాలు) ప్రాసెసర్ చాలు. ఎనిమిది కోర్ల 5700ఎక్స్ కొని దాని పక్కన 3050 పెడితే లారీ ఇంజన్‌కు స్కూటర్ చక్రాలు తగిలించినట్టే. పైగా 3050లో పేరు ఒకటే గానీ రకాలు వేరు. ముందు వచ్చింది 8 జీబీది. 2024లో వచ్చిన 6 జీబీదాంట్లో మెమరీతో పాటు లోపలి కోర్లూ తగ్గించారు. షాపులో "3050 అండీ" అని మాత్రమే చెబుతారు. ఇంకో మూడు వేలు కలిపితే వచ్చే ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీది, దీనికంటే చాలా ముందుంటుంది.

ర్యామ్ ధర చూసి షాపువాళ్లు మోసం చేస్తున్నారని మీ వారు అనుకుని ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు ఎగబడి కొంటుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. అక్కడ బేరం పెద్దగా కుదరదు. కానీ ఒకే 16 జీబీ స్టిక్ బదులు 8 జీబీవి రెండు అడగండి. రెండూ కలిసి పనిచేస్తే వేగం పెరుగుతుంది. నేను చెప్పబోయే పద్ధతిలో ఇది తప్పనిసరి.

ఆ పద్ధతి ఇది. మొదటి విడతలో గ్రాఫిక్స్ కార్డు కొనొద్దు. 5700ఎక్స్ బదులు రైజెన్ 5 5600జీ తీసుకోండి. చివర 'జీ' అక్షరం ముఖ్యం. దాని లోపలే ఒక చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. మామూలు 5600లో, 5700ఎక్స్‌లో అది ఉండదు, విడి కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. 5600జీతో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. పెద్ద గేములు ఆరు నెలలు ఆగాలి. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది మీరు కొన్న ర్యామ్‌నే, రెండు స్టిక్కులు అన్నది అందుకే. డబ్బాలోనే ఫ్యాన్ వస్తుంది, లిక్విడ్ కూలర్ అక్కర్లేదు.

మీ కొటేషన్ రేట్లనే ఆధారం చేసుకుని లెక్క వేశాను. ప్రాసెసర్ 12,500, చిన్న ఏ520 బోర్డు 6,500, ర్యామ్ 12,000, ఎస్‌ఎస్‌డీ 5,500, ఎస్‌ఎంపీఎస్ 4,000, గాలి బాగా ఆడే సాదా కేబినెట్ 2,800, మానిటర్ 9,000, కీబోర్డు మౌస్ 1,000. మొత్తం 53,300. మీ 60 వేలల్లో ఇంకా 6,700 మిగిలాయి. ఆర్‌ఎక్స్ 6600కు 20,500 అనుకుంటే కావలసింది 13,800. ఈఎంఐకి నెలకు 2,650 కట్టగలమని మీరే అనుకున్నారు కదా, అదే 2,650ని బ్యాంకులో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్‌గా వేయండి. 15,900 అవుతుంది, పైన కొద్దిగా వడ్డీ. కార్డు కొన్నాక కూడా రెండు వేలు చేతిలో ఉంటాయి. మొత్తం ఖర్చు 73,800. షాపువాళ్ల దారిలో ఈఎంఐతో కలిపి 92,400. తేడా 18,600. ఆట మాత్రం ఆ కొటేషన్ మెషీన్‌ కంటే ఇందులోనే బాగుంటుంది.

ఇందులో లోటు ఏమీ లేదని చెప్పను. మామూలు 5600 కంటే 5600జీ ఓ మెట్టు కిందే. మీరు కొనే బోర్డు ఏఎం4 తరానిది, అది పాతబడింది, 2022లోనే దాని తర్వాతి తరం ఏఎం5 వచ్చింది. నాలుగేళ్ల తర్వాత పెద్ద మార్పు చేయాలంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మార్చాలి. అయినా ఏఎం5కు డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామే కావాలి, ఇప్పటి ధరల్లో అది మీ బడ్జెట్‌కు అందదు. కేబినెట్, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, మానిటర్ అప్పటికీ పనికొస్తాయి.

ఆరు నెలలు ఆగలేక అబ్బాయి సెకండ్ హ్యాండ్ కార్డు చూపిస్తాడేమో. క్రిప్టో మైనింగ్‌లో, అంటే కంప్యూటర్ లెక్కలతో డిజిటల్ నాణేలు సంపాదించే పనిలో, రాత్రింబగళ్లు నడిచిన కార్డులు చాలా ఉన్నాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే నాణెం మైనింగ్ ఆగిపోయాక అలాంటివి చాలా మార్కెట్‌లోకి వచ్చాయి. బిల్లు, మిగిలిన వారంటీ ఉండి, కళ్ల ముందు అరగంట గేమ్ నడిపి చూపిస్తే తప్ప కొనొద్దు.

కరెంటు గురించి అడిగి మంచి పని చేశారు. ఇది చాలామందికి గుర్తుండదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక గేమ్ ఆడుతున్నప్పుడు మానిటర్‌తో కలిపి సుమారు 250 వాట్లు లాగుతుంది. రోజుకు నాలుగు గంటలంటే ఒక యూనిట్, నెలకు 30. గృహజ్యోతి కింద జీరో బిల్లు 200 యూనిట్ల లోపు వాడితేనే. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం వాడకానికీ బిల్లు కట్టాలి, అది వెయ్యి రూపాయలు దాటుతుంది. మీ పాత బిల్లులు తీసి యూనిట్ల గడి చూడండి. 150 దగ్గర ఉంటే భయం లేదు. కూలర్ తిరిగే ఏప్రిల్, మే నెలల్లో 180 వస్తుంటే మాత్రం ఆ రెండు నెలలూ ఆట గంటలు తగ్గించాలని ఇప్పుడే వాడితో మాట్లాడుకోండి. మీటర్ చూసే పని వాడికే అప్పగించండి, మీ మీద టెన్షన్ ఉండదు.

ఇంకొక్క విషయం. కొటేషన్‌లో విండోస్ లేదు. షాపులో "వేసిస్తాంలే" అంటారు. అది దొంగ కాపీ అయితే ఆ కంప్యూటర్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్ ఎవరూ కొట్టొద్దు, ఫీజులు కూడా కట్టొద్దు. కొన్ని కాలేజీలు విద్యార్థులకు లైసెన్సు ఇస్తాయి, ముందు అక్కడ అడగమనండి.

వీలైతే ఒక రోజు అబ్బాయీ, మీ వారూ సికింద్రాబాద్ వెళ్లి రావాలి. జేబీఎస్ బస్టాండులో దిగితే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే. అందరూ సీటీసీ అంటారు. ఒకే కప్పు కింద వరుసగా కంప్యూటర్ పార్టుల షాపులు ఉంటాయి. పై లిస్టు కాగితం మీద రాసుకుని కనీసం మూడు షాపుల్లో రేటు అడగాలి, ఫోన్‌లో ఆన్‌లైన్ ధర పక్కన పెట్టుకోవాలి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఒప్పుకోవద్దు. 18 శాతం జీఎస్టీ కట్టిన బిల్లే రేపు వారంటీ అడిగేటప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకుని, అక్కడే ఫొటో తీసి మీ ఫోన్‌కు పంపమనండి. బిల్లు కాగితం మీద అచ్చు ఏడాదిలో వెలిసిపోతుంది. ఆర్నెల్ల తర్వాత గ్రాఫిక్స్ కార్డు కొన్నప్పుడు దాని బిల్లు కూడా అదే ఫోల్డర్‌లో పెట్టుకోండి.