‘చరిత్రలో ఈ రోజు’ రోజూ చదివితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

ప్రశ్న కింద ‘లేక ఉబుసుపోక చదివేదేనా? పిల్లలకు అలవాటు చేయవచ్చా?’ అని కూడా అడిగారు. నేను కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఉదయం ప్రార్థన సమావేశంలో ప్రతిజ్ఞ, వార్తలు, సూక్తి అయ్యాక ‘నేటి ప్రత్యేకత’ అని ఒకటి ఉంటుంది. ఆ బాధ్యత ఏళ్ల తరబడి నా నెత్తినే ఉంది. కాబట్టి మీరు అడిగిన ప్రశ్న నాకు బడి ఉన్న ప్రతి రోజూ ఎదురయ్యేదే.

జాబితా మొత్తం చదివితే ఉబుసుపోకే. అందులోంచి ఒక్కటి తీసుకుని, అది మన ఊరికో మన ఇంటికో ఎక్కడ తగులుతుందో చూస్తే అప్పుడు చదువు అవుతుంది. నా అనుభవం ఇంతవరకే చెబుతుంది.

జులై 4 తీసుకోండి. పిల్లలు ఫోనులో చూసి చీటీ రాసుకొస్తారు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, 1826లో ఆ దేశపు మాజీ అధ్యక్షులు ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ ఒకే రోజున మరణించడం, 1897లో అల్లూరి సీతారామరాజు జననం, 1902లో వివేకానందుడి నిర్యాణం, 1934లో మేరీ క్యూరీ మరణం, 1963లో పింగళి వెంకయ్య మరణం. ఒక పిల్లవాడు ఊపిరి తిప్పుకోకుండా ఇదంతా చదివేస్తాడు, వరుసల్లో నిలబడినవాళ్లు చప్పట్లు కొడతారు, తరగతికి వెళ్లేసరికి ఒక్కటీ మిగలదు. అందుకే నేను ఒక్క పేరు దగ్గర ఆపేస్తాను. మా బడికి భట్లపెనుమర్రు పెద్ద దూరమేమీ కాదు, వెంకయ్యగారు పుట్టింది అక్కడే. జెండా రూపకర్త అని పిల్లలకు ముందే తెలుసు, ఆ మాట మళ్లీ చెబితే ఎవరూ వినరు. ఆయనను పత్తి వెంకయ్య అనేవారనీ, జపాన్ వెంకయ్య అని కూడా పిలిచేవారనీ చెబితే మాత్రం చెవులు రిక్కిస్తారు. కంబోడియా పత్తి రకం మీద పరిశోధన చేసినందుకు మొదటి పేరు, జపనీస్ భాష నేర్చుకుని అనర్గళంగా మాట్లాడినందుకు రెండోది. 1916లోనే దేశానికి ఎలాంటి జెండా ఉండాలో నమూనాలు గీసి పుస్తకం వేశాడని, 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి జెండా నమూనా అందించాడని ఆ తర్వాత చెబితే వింటారు. వరి తప్ప మరో పంట చూడని పిల్లలు ‘మన దగ్గర పత్తి పండుతుందా మాస్టారూ?’ అని అడిగారు. ఆ రోజు జెండా కంటే నల్లరేగడి నేలల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. దానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక నవంబర్ 19. ఏ జాబితా తెరిచినా ఆ రోజు ఇందిరాగాంధీ జయంతి ఉంటుంది, ఝాన్సీ లక్ష్మీబాయి పేరు ఉంటుంది, ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవం ఉంటుంది. చివరిదాన్ని 2013లో ఐక్యరాజ్యసమితి గుర్తించింది. ఒక ఏడాది బోర్డు మీద పిల్లలు ఈ మూడూ రంగు సుద్దలతో అందంగా రాశారు. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ బియ్యం చేట పట్టుకుని అటుగా వెళ్తూ ఆగింది. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక వైపు.

‘ఇవాళ ఉప్పెన రోజు కదండీ మాస్టారూ. అది రాయలేదేమండీ?’ అంది.

1977 ఉప్పెన. దివిసీమలో పెద్దవాళ్లను అడిగితే ఏడాది చెప్పలేకపోవచ్చు గానీ శనివారమని చెబుతారు. ఆయమ్మ కూడా అలాగే చెప్పింది. చీకటి పడకముందు నుంచే గాలి, ఇంట్లోకి నీళ్లు వస్తుంటే కాలవ గట్టు తెగిందనుకున్నారట. నోట్లోకి వెళ్లిన నీళ్లు ఉప్పగా తగిలాక వాళ్ల నాన్న ‘ఇది సముద్రం’ అని అరిచి, చీరతో ఆమెను కొబ్బరిచెట్టుకు కట్టేశాడట. ఇదంతా చెబుతూనే చేటలో బియ్యం ఏరుతోంది. సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చిన ఆ రాత్రి పోయిన ప్రాణాలు ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని దివిసీమలో ఎవరిని అడిగినా అంటారు. ఈ తీరంలో తుపాను ఆశ్రయ కేంద్రాలు వరుసగా లేచింది కూడా ఆ దెబ్బ తర్వాతే.

మరునాటికి ఇంటిపని అదే ఇచ్చాను: ఇంట్లో పెద్దవాళ్లను ఉప్పెన గురించి అడిగి నాలుగు వాక్యాలు రాసుకురండి. నాలుగు వాక్యాలన్నాను గానీ కొందరు పేజీలు నింపుకొచ్చారు. హెలికాప్టర్ నుంచి ఆహార పొట్లాలు జారవిడవడం, ఊరి చెరువు నీళ్లు తాగడానికి పనికిరాకపోవడం, పొలంలో ఉప్పు తేలి మరుసటి ఏడు నారు ఎర్రబడడం. ఇవేవీ ఏ ‘చరిత్రలో ఈ రోజు’లోనూ ఉండవు. ఒక అమ్మాయి నాయనమ్మ మాత్రం ఏమీ చెప్పకుండా ‘వెళ్లి చదువుకో’ అందట. ఆ అమ్మాయి అదే ఒక్క వాక్యం రాసుకొచ్చింది. దానికి నేను మార్కులు వేయలేదు, ఎర్ర సిరా పెట్టలేదు.

మరుగుదొడ్ల దినోత్సవం వద్దని కాదు. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ల కనెక్షన్ గురించి ఆ రోజే బోర్డు మీద రాయించిన ఏడాది కూడా ఉంది. కనెక్షన్ వచ్చింది, సంక్రాంతి తర్వాత వచ్చింది.

మీ ప్రశ్నలో ‘ప్రముఖుల పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని ఏం లాభం?’ అన్న చిన్న ఎత్తిపొడుపు కూడా ఉంది. నిజమే, కొన్ని పుట్టినరోజులకు అసలు నమ్మకమే లేదు. జులై 1 సంగతి చూడండి. జాతీయ వైద్యుల దినోత్సవం అది. డాక్టర్ బిధాన్‌చంద్ర రాయ్ 1882లో పుట్టిందీ 1962లో పోయిందీ అదే తేదీన. మన దగ్గర మాత్రం ఆ రోజు సగం ఊరి పుట్టినరోజు. మా బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ తీస్తే కొన్ని పేజీల్లో పైనుంచి కిందిదాకా పుట్టిన తేదీ గడిలో 1-7, 1-7 అనే ఉంటుంది. పక్క గడిలో అక్షరాల్లో కూడా అదే, ఒకే చేతిరాత, ఒకే నీలిసిరా. పిల్లవాణ్ని బడిలో వేసేటప్పుడు జనన ధ్రువీకరణ పత్రం ఎవరి దగ్గరా ఉండేది కాదు. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే అయిదేళ్లు నిండినట్టు. బడి తెరిచే రోజులకు వయసు సరిపోయేలా పెద్ద మాస్టారు ఒక తేదీ వేసేవారు.

మా నాన్నగారూ అలా పుట్టినవారే. సర్టిఫికెట్‌లో జులై 1. మా నాయనమ్మ లెక్కలో నాగుల చవితి మర్నాడు. సర్టిఫికెట్ లెక్కన జూన్ 30న పదవీ విరమణ చేశారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లకు ముందు నెల చివరి రోజుతోనే సర్వీసు ముగుస్తుంది. ఆయనతో పాటు ఆ సాయంత్రం అదే మండలంలో ఇంకెన్ని సన్మానాలు జరిగాయో, పూలదండలకు కరువొచ్చింది. ఇప్పటికీ జులై 1 ఉదయాన్నే బ్యాంకు నుంచి శుభాకాంక్షల సందేశం వస్తుంది. ‘బ్యాంకు పుట్టినరోజు వచ్చిందండీ’ అని అమ్మ నవ్వుతుంది. పాయసం మాత్రం కార్తీకంలోనే.

తేదీ ఒకటి, తిథి ఒకటి. ఈ రెండూ మన ఇళ్లలో పక్కపక్కనే నడుస్తాయి. మా వంటింటి గోడకున్న క్యాలెండర్‌నే చూడండి. ఒక గడిలో పెద్ద అంకె, దాని కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఆ మిగిలిన కాస్త చోటులో మా ఆవిడ పెన్సిల్‌తో ‘పాలు లేవు’, ‘గ్యాస్ మార్చాను’ అని రాస్తుంది. తాతగారి ఆబ్దికం ఏ తేదీన వస్తుందో ఏటా పంచాంగం చూడాల్సిందే. పేపర్లో వేయించే వర్ధంతి ప్రకటన మాత్రం తేదీకే.

ఇది ఇళ్లకే పరిమితం కాదు. కొమరం భీం వర్ధంతి ఎప్పుడని వెతికితే అక్టోబర్‌లో ఒక్కోచోట ఒక్కో తేదీ కనిపిస్తుంది. ఆయన నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగిన జోడేఘాట్‌లో మాత్రం గోండులకు ఎలాంటి గందరగోళమూ లేదు. 1940లో ఆ రోజు ఆశ్వయుజ పౌర్ణమి. ఏటా ఆ పున్నమికే వర్ధంతి జరుపుతారు, అధికారులూ ఆ రోజే వెళ్తారు. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి, అన్నమయ్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశికి. తేదీల జాబితాను మాత్రమే నమ్ముకుంటే వీళ్లు మనకు సరైన రోజున తగలరు. నేను ఏటా ఉగాదికి కొత్త పంచాంగం కొనగానే ఈ కొన్నింటినీ చూసి, ఆ ఏడు ఏ తేదీల్లో వస్తాయో డైరీలో ముందే రాసిపెట్టుకుంటాను.

అన్నట్టు, వాట్సాప్‌లో తిరిగే వింతల గురించి. ‘ఈ నెలలో అయిదు శుక్రవారాలు, అయిదు శనివారాలు, అయిదు ఆదివారాలు, 823 ఏళ్లకోసారి వచ్చే అద్భుతం, పదిమందికి పంపితే ధనలాభం.’ ఇది మీకూ వచ్చే ఉంటుంది. 31 రోజుల నెల శుక్రవారం మొదలైతే అలాగే వస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. 2025 ఆగస్టు అలాంటిదే, 2026 మే కూడా. దాదాపు ఏటా ఏదో ఒక నెల అలా పడుతుంది. ఫిబ్రవరిలో ప్రతి వారమూ నాలుగేసిసార్లు రావడం కూడా మహాద్భుతమేనని ఇంకో సందేశం. 28 రోజులను ఏడుతో భాగిస్తే ఎంతో మూడో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఇలాంటివి వచ్చినప్పుడు నేను చెరిపేయను, లెక్కల మాస్టారికి పంపిస్తాను. ఆయన పాత క్యాలెండర్లు తెప్పించి పిల్లల చేతే విప్పిస్తాడు. మా బడిలో ఆ క్లాసుకున్న గిరాకీ నా పాఠానికి లేదని ఒప్పుకోక తప్పదు.

ఒకే రోజున రెండు పెద్ద పేర్లు వస్తే? ఆగస్టు 29న మా బడిలో ఏటా ఇదే పేచీ. తెలుగు పండితులకు అది తెలుగు భాషా దినోత్సవం, గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన రోజు. డ్రిల్ మాస్టారికి జాతీయ క్రీడా దినోత్సవం, ధ్యాన్‌చంద్ 1905లో పుట్టిన రోజు. ఇద్దరూ మైకు తమకే కావాలంటారు. ఒక ఏడాది ఇద్దరినీ తలా అయిదు నిమిషాలు ఎదుటివాళ్ల మనిషి గురించి మాట్లాడమన్నాను. పండితులవారు 1936 బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్‌లో జర్మనీ మీద మన 8-1 గెలుపును పద్యం చదివినట్టు చదివారు, అదీ ఆగస్టు 15నే జరిగిందని పిల్లలు కేరింతలు కొట్టారు. డ్రిల్ మాస్టారు గిడుగువారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల కోసం బడులు పెట్టి, పుస్తకాలు రాసి, మన్యం జ్వరానికి వాడిన మందుతో వినికిడి పోగొట్టుకున్న సంగతి చెప్పారు. ఆయన నోట విన్నందువల్లనో ఏమో ఆ రోజు ఆఖరి వరుస కూడా నిశ్శబ్దంగా ఉంది.

ఏ రోజు కిందా రానిది ఒకటుంది. పిల్లలు ప్రతి ఉదయం చేయి చాచి చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞ. దేశమంతటా ఎవరి భాషలో వాళ్లు చెప్పే ఆ ప్రతిజ్ఞను మొదట తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన ఊరు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో అది ఆయన పేరు లేకుండానే అచ్చయింది. అందుకే బడి తెరిచిన మొదటి వారంలో ఏ రోజు ప్రత్యేకతా దొరకనప్పుడు నేను ఆయన గురించి చెప్పిస్తాను.

పిల్లలకు అలవాటు చేయాలనుకుంటే నేను చేసేది చెబుతాను. రాత్రి పడుకునే ముందు రేపటి జాబితా వాళ్లనే చూడనివ్వండి, ఒక్కటే ఎంచుకోమనండి, ఎందుకు ఎంచుకున్నారో అడగండి. ఏడాది, ఊరు రెండుచోట్ల సరిచూసుకోమనండి. తేడా వస్తే రెండూ రాసుకోమనండి. విశ్వేశ్వరయ్యగారు పుట్టింది 1860 అని కొన్నిచోట్ల, 1861 అని కొన్నిచోట్ల ఉంటుంది; పింగళి వెంకయ్యగారి పుట్టిన ఏడాదికీ అదే తంతు. చరిత్రలో తేడాలు ఉంటాయని పదేళ్ల వయసులోనే తెలిస్తే మంచిదే. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను ‘అప్పుడు మీరెక్కడున్నారు?’ అని ఒక్క ప్రశ్న అడగమనండి.

పోటీ పరీక్షల కోసం అడిగి ఉంటే మాత్రం నా పద్ధతి మీకు పనికిరాదు. ఆ పరీక్షలకు ఏ దినోత్సవం ఏ తేదీనో, ఈ ఏడాది నినాదం ఏమిటో కావాలి గానీ ఆయమ్మ మాటలు అక్కర్లేదు. నెలనెలా వచ్చే కరెంట్ అఫైర్స్ పత్రిక ఏదైనా కొనుక్కుని బట్టీ పట్టండి.