బండి అల్యూమినియం కవర్లకు ఇంట్లోనే పాలిష్: ముందు యాసిడ్ సీసా దూరం పెట్టండి

"పాత బైకు ఇంజిన్ కవర్లు, సైలెన్సరు మసకబారినయ్. షాపులో బఫింగ్‌కు పెట్టేంత డబ్బు లేదు. ఇంట్లోనే తక్కువలో మెరిపించుకోవచ్చా?" అని నన్ను కొందరు అడిగారు.

చేసుకోవచ్చు. మిర్యాలగూడలో మా ఇంటి అరుగు మీద కూర్చొని మా నాయిన బుల్లెట్‌కు నేనే చేశాను. ఐదు వందలు కూడా కాలేదు. కానీ ఏం కొనాలో చెప్పేముందు ఏం పోయకూడదో చెప్తాను. ఎందుకంటే ఒకరు పోసినదాన్ని వదిలించడానికే నేను ఈ పని నేర్చుకున్నాను.

నాయిన రైస్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు మిషన్ చూసుకున్నాడు. 1991లో అప్పు చేసి బుల్లెట్ కొన్నాడు. గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండే పాత బండి. ప్రతి ఆదివారం పాత దోతి గుడ్డతో దాన్ని తుడవనిదే అన్నానికి కూర్చోడు. మూడేళ్ల కింద, దసరా పది రోజులుందనగా, పూజకు బండి కడిగించుకు రమ్మని నన్ను పంపాడు. వాషింగ్ దగ్గర పిల్లగాడు ఒక సీసాలోంచి ఏదో మగ్గులో పోసి, బ్రష్షుతో ఇంజిన్ అంతా పూశాడు. "ఏం పూస్తున్నవ్ తమ్మీ?" అంటే "రెండు నిమిషాలన్నా, అద్దం లెక్క అయితది" అన్నాడు. బుసబుసమని తెల్లటి నురగ లేచింది, ముక్కు మండింది. నీళ్లు కొట్టి చూస్తే ఎడమవైపు క్లచ్ కవరు మీద నల్లటి చారలు. మిగతాదంతా తడి సిమెంటు రంగు. బాత్‌రూం కడిగే యాసిడ్‌లో నీళ్లు కలిపాడట.

ఇంటికి తెచ్చాక నాయిన తిట్టలేదు. బొటనవేలితో కవరు మీద ఒకసారి రాసి వేలు చూసుకున్నాడు. నల్లగా అంటింది. "గరుకైంది రా" అన్నాడు, లోపలికి పోయాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఎందుకట్లయిందో తర్వాత తెలుసుకున్నాను. అల్యూమినియం మీద గాలికి తనంతట తనే ఒక సన్నటి పొర కట్టుకుంటుంది. లోహాన్ని కాపాడేది ఆ పొరే. యాసిడ్ ముందు ఆ పొరను తినేసి, తర్వాత లోహాన్నే తింటుంది. ఇంజిన్ కవర్లు పోతపోసినవి, వాటిలో సిలికాన్ కలిపి ఉంటుంది. అది యాసిడ్‌కు కరగదు, నల్లటి మసిలా పైన మిగిలిపోతుంది. నాయిన వేలికి అంటింది అదే. కాస్టిక్ సోడా, బట్టల సోడా కూడా అల్యూమినియాన్ని ఇట్లనే తింటాయి. తడిసిన సిమెంటుది కూడా సోడా లాంటి గుణమే. మా దగ్గరి వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారిన రోజూ తిరిగేవాళ్లు, ఆ దుమ్ము వానకు తడిసి కవరు మీద గట్టిపడకముందే కడుక్కోండి.

ఇక పని సంగతి. పాత బుల్లెట్ క్లచ్ కవరు ఒకే ఒక్క పెద్ద నట్టు మీద నిలబడుతుంది. కింద ట్రే పెట్టి విప్పితే లోపలి ఆయిల్ అందులో పడుతుంది. చుట్టూ ఉండే రబ్బరు సీలు జాగ్రత్తగా తీసి పెట్టుకున్నాను. గ్రీజు, మట్టి కిరోసిన్‌తో వదిలించి, గిన్నెల సబ్బుతో కడిగాను. కొన్ని కవర్ల మీద వార్నిష్ లాంటి పారదర్శకమైన పూత ఉంటుంది. పసుపురంగులోకి తిరిగి, అంచుల్లో పొరలు లేస్తుంటే అదేనన్నమాట. పెయింట్ రిమూవర్‌తో అది పూర్తిగా పోయాకే వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం పట్టాలి.

కొన్నవి: వాటర్ పేపర్లు 320, 400, 600, 1000, 1500, 2000 నంబర్లవి రెండేసి, ఒక మెటల్ పాలిష్, చిన్న వ్యాక్స్ డబ్బా. పేపర్ నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. బకెట్ నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పేపర్‌ను పది నిమిషాలు నానబెట్టాలి. చదునుగా ఉన్నచోట పేపర్ వెనక చిన్న చెక్కముక్క, వంపుల్లో వేళ్లు. అసలు కిటుకు దిశలో ఉంది. 320 నిలువుగా రుద్దితే 400 అడ్డంగా రుద్దాలి, 600 మళ్లీ నిలువుగా. అడ్డంగా రుద్దుతున్నప్పుడు పాత నిలువు గీత ఒక్కటి కనిపించినా తర్వాతి నంబరుకు పోకూడదు. 320 గీతను 1000 తీయలేదు, దాన్ని ఇంకా మెరిపించి చూపిస్తుంది, అంతే. జనం విసిగిపోయి పాలిష్ మంచిది కాదంటారు గానీ తప్పు పాలిష్‌ది కాదు, మధ్యలో ఎగ్గొట్టిన నంబర్లది.

నాలుగు సాయంత్రాలు పట్టింది, ఒక్క కవరుకే. బతుకమ్మ రోజులు. గల్లీలో ఆడవాళ్లు ఆడుతుంటే నేను అరుగు మీద ట్యూబ్‌లైటు కింద రుద్దుతూ కూర్చున్నాను. వేళ్ల సందుల్లో బూడిదరంగు బురద. రెండో రోజుకు యాసిడ్ గుంటలు పోయాయి. మూడో రోజు 1500 దగ్గర కవరును వాలుగా పట్టుకుంటే ట్యూబ్‌లైటు మబ్బులోంచి కనిపించినట్టు కనిపించింది. 2000 అయ్యాక పాలిష్‌ను మెత్తటి గుడ్డమీద వేసుకుని గుండ్రంగా రుద్దితే గుడ్డ నల్లబడింది. అట్లా నల్లబడితే పని జరుగుతున్నట్టే. శుభ్రమైన గుడ్డతో తుడిచేసరికి ట్యూబ్‌లైటు గీతలాగా, అంచులతో సహా కనిపించింది.

బిగించేముందు కవరు లోపలివైపు కూడా మెత్తటి బ్రష్షుతో కడగండి. పేపర్ నుంచి రాలిన పొడి క్లచ్‌లోకి పోతే ఇంకో ఖర్చు. డ్రిల్లు మిషన్‌కు గుడ్డ చక్రం తగిలించి కూడా చేస్తారు, పని తొందరగా అవుతుంది. కానీ చేత్తో తీసిన మెరుపే ఎక్కువ రోజులు నిలుస్తుందని నా గట్టి నమ్మకం. మిషన్ వాడితే ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇనుము గ్రైండింగ్ చేసేచోట మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. పొడి అల్యూమినియం దుమ్ముకు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది.

యూట్యూబ్‌లో టూత్‌పేస్ట్, కూల్‌డ్రింక్, చింతపండు అని చూపించేవాళ్లంటే నాకు నిజంగా కోపం. చింతపండు ఇత్తడికి, రాగికి మంచిది, మా అమ్మ దేవుడి గిన్నెలు దాంతోనే తోముతుంది. బండి కవరుకు దాంతో పనిలేదు. మా దగ్గర ఊరికే దొరికే ఊక బూడిద మాత్రం పనికొస్తుంది. అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. గుడ్డలో జల్లించి, తడిపి, ఫుట్‌రెస్టులు, స్టాండు రుద్దితే మడ్డి వదులుతుంది. వెంటనే కడిగేయాలి. చివరి మెరుపుకు దాన్ని వాడితే గీతలు పడతాయి.

సైలెన్సరు సంగతి వేరు. అది క్రోమ్, అంటే ఇనుము మీద సన్నటి పూత. దానికి వాటర్ పేపర్ తగిలిందంటే పూత పోయినట్టే. చిన్న చిన్న తుప్పు చుక్కలుంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కన్నా మెత్తన, తుప్పు పోతుంది గానీ పూత గీసుకుపోదు. పొరలు లేచిపోయిన క్రోమ్‌కు ఇంట్లో మందు లేదు. కొత్త బండ్లకు వచ్చే నల్లరంగు కవర్లను కూడా గీకకండి, అది పెయింటు.

ఇంకొకటి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్లో పెట్టి తిరుగుతున్న చక్రానికి గుడ్డ ఆనించి రిమ్ము, చైను తుడుస్తారు కొందరు. గుడ్డ చైనుకు చుట్టుకుంటే వేళ్లు దాంతోపాటే స్ప్రాకెట్ పళ్లచక్రంలోకి పోతాయి. ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడవండి. పాలిష్, వ్యాక్స్ బ్రేక్ డిస్క్ మీద, డ్రమ్ములో పడనీయకండి.

మెరిసిన కవరును వదిలేస్తే మళ్లీ మసకేస్తుంది. అందుకే వ్యాక్స్. కొబ్బరినూనె రాస్తే దుమ్ము పడుతుంది. బోరు నీళ్లతో కడిగితే ఎండేలోపే తుడవండి, మా వైపు బోరు నీళ్లు ఆరితే తెల్లటి చుక్కలు వదులుతాయి. నేను వానాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి వ్యాక్స్ పెడతాను.

దసరా పొద్దున అమ్మ పసుపు గిన్నె పట్టుకుని బండి దగ్గరికొస్తే నాయిన "ట్యాంకుకు పెట్టు, హ్యాండిల్‌కు పెట్టు, ఆ కవరుకు వద్దు" అన్నాడు. నిమ్మకాయలు కోసింది కూడా అవతలి వైపే. కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్లు చింది కవరు మీద పడ్డాయి. హారతి అయ్యేదాకా కూడా ఆగలేదు, భుజం మీది తువ్వాల తీసి తుడిచేశాడు.